ఛాతీ మీద రెండు అరల సంచి

మార్చి 4

అక్కా,

నీ పార్సిలు అందింది. పోస్టువాడు గుమ్మంలో పెట్టకుండా రొయ్యలు ఉడకబెట్టే పాకలో పెట్టి పోయాడు. అందుకని అందులోని ఫోను మోగడం నేర్చుకోకముందే రొయ్యల వాసన నేర్చుకుంది. ఈ ఇంట్లో నాతో సహా అన్నిటిదీ అదే వాసన కాబట్టి తొందరగానే కలిసిపోతుందిలే.

ముందు నా ఒంటి సంగతి. నవంబరులో నేను ఇసుక ఒడ్డున పడిపోయాక ఎడమ భుజం కింద చర్మంలో పెట్టి కుట్టారు చూడు, ఆ యంత్రం బుద్ధిగానే ఉంది. నేను దాన్ని కాపలావాడు అంటున్నాను. గుండె దారి తప్పితే లోపల్నుంచే ఒక దెబ్బ కొట్టి మళ్ళీ దారిలో పెడుతుందట. ఇంతవరకూ దానికి ఆ పని పడలేదు. ఇంటికి పంపేరోజు నర్సు దాని గురించి చాలాసేపు చెప్పింది. చక్కటి పిల్ల. నాకు సగం కూడా వినపడలేదుగానీ, పాపం కష్టపడుతోంది కదా అని ప్రతి మాటకీ తలూపాను. ఒక పుస్తకం కూడా చేతిలో పెట్టింది. దాని అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి.

ఆటుకి నీళ్ళు వెనక్కి పోయాక ఇసుక మీద వల లాగే ట్రాక్టరు ఇంకా తోలనివ్వరు. అన్న కొడుకు స్టువర్ట్ తోలుతుంటే నేను వెనక బండిలో వలల మీద కూర్చుని పోతున్నాను. "బాబాయ్, పడిపోతావ్, గట్టిగా పట్టుకో" అంటాడు. ఈ సముద్రం ఆటు మీద ఎటు వెళ్తుందో, ఊబి ఏ వారం ఎక్కడ ఉంటుందో వాడికి నేర్పినవాణ్ణి నేను. ఇప్పుడు వాడు నాకు కూర్చోవడం నేర్పుతున్నాడు. సరే, ఇసుక మీదకి పోనిస్తున్నారు, అదే పదివేలు. అది కూడా వద్దంటే ఈ కుర్చీలోనే కుళ్ళిపోతాను.

పైపు మానమని నువ్వు పంపిన ఈ-సిగరెట్ కాలుస్తున్నాను. పుదీనా రుచి. పళ్ళు తోముకుంటూ పొగ తాగినట్టుంది. దీన్నీ ఫోనునీ రెండింటినీ రబ్బరు దుస్తుల ఛాతీ జేబులో వేసుకుని పోతున్నాను. "కాలవ దాటేటప్పుడు నడుము దాకా నీళ్ళది, ఛాతీ నీది" అని నాన్న అనేవాడు కదా. ఆ జేబులో కత్తీ, ఇంటి తాళాలూ, చిల్లరా ఎలాగూ ఉంటాయి. కానీ ఈ-సిగరెట్ నోట్లోంచి జొల్లు కార్చుకుని ఫోనంతా జిడ్డు చేసింది. మొన్న తాళాలు నొక్కుకున్నాయేమో, దానంతటదే వేడెక్కి రొమ్ము చురుక్కుమంది. ఎవరో జేబులో వేడి బంగాళాదుంప పడేశారనుకున్నాను.

ఫోను చెయ్యకు. నాకు వినపడదని తెలుసు కదా. పోటుకి చిక్కుకుంటే స్టువర్ట్‌ని పిలవడానికి మాత్రమే అది. నువ్వు రాస్తూ ఉండు.

నీ తమ్ముడు,
క్లిఫర్డ్


మార్చి 10, నారిచ్

తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతూ ఉంటే నా టీ చల్లారిపోయింది. బ్యాటరీ ఉన్న వస్తువుని తాళాలతో, చిల్లరతో, ఉప్పునీళ్ళతో కలిపి ఒకే జేబులో వేసేవాణ్ణి నిన్నే చూశాను. వేడెక్కిందని రాసి పైగా బంగాళాదుంప అని జోకొకటి! అది అంటుకుంటే రబ్బరు దుస్తుల్లో నువ్వే కాల్చిన దుంపవి అయ్యేవాడివి.

ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా ఈ-సిగరెట్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడికి మెడ నిండా పచ్చబొట్లు, మాట మాత్రం వెన్న. "అమ్మగారూ, ఇనప వస్తువుల పక్కన పెట్టనివ్వకండి. తడవనివ్వకండి. వాడనప్పుడు బొత్తాం ఐదుసార్లు నొక్కి ఆపెయ్యమనండి. నిలువుగా పెడితే కారదు. ఫోనుని ఆనించి పెట్టొద్దు, ఒకటి వేడెక్కితే రెండోది పాడవుతుంది" అన్నాడు. అన్నీ కాగితం మీద రాసుకున్నాను.

అదంతా నువ్వు పాటించవని తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నీ విషయంలో అది తిరగబడింది. అందుకని నేనే ఒక సంచి అల్లాను. రెండు అరలు. ఒకదాంట్లో ఫోను, ఒకదాంట్లో ఈ-సిగరెట్, మధ్యలో మందపాటి గుడ్డ గోడ. లోపల మైనపు గుడ్డ అస్తరు. తాళాలకీ కత్తికీ అందులో చోటు లేదు, ఎంత బతిమాలినా పట్టవు. మెడలో వేసుకుని చొక్కా మీద, రబ్బరు దుస్తుల లోపల పెట్టుకోవాలి. తాడు కావాలనే పొట్టిగా పెట్టాను, నీళ్ళు అంత ఎత్తుకి రావు. కుడిచేత్తో తీసుకుంటావు కాబట్టి సంచి ఎడమవైపు వచ్చేలా కుట్టాను. సరిగ్గా నీ కాపలావాడి పక్కనే ఉంటుంది, ఇద్దరూ కబుర్లు చెప్పుకోవచ్చు. ఫోనుకి పుస్తకం అట్టలా మూసుకునే కవరు కూడా తొడిగాను. అంచున అయస్కాంతం ఉంది, టప్పున మూసుకుంటుంది. నీ తడి వేళ్ళకి బొత్తాల కంటే అది నయం.

నవ్వకు క్లిఫ్. మీ బావ బెర్నార్డ్ వంటింట్లో పడిపోయిన రోజు ఫోను హాల్లో ఉంది. ఆయన దానికోసం పాకుతూ గడప దాకా వచ్చాడు. నేను ఊలు కొట్టు మూసి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. అందుకే ఫోను మనిషి ఒంటి మీదే ఉండాలని నా మొండిపట్టు.

గుండె జబ్బువాళ్ళ సంఘం వాళ్ళు ఈ బుధవారం మా ఇంట్లోనే టీకి వస్తున్నారు. బెర్నార్డ్ పోయినా నన్ను మానుకోనివ్వరు. కేకు చెయ్యాలి, ఉంటాను.

అక్క,
నోరీన్


మార్చి 19

అక్కా,

సంచి వేసుకున్నాను. ఒడ్డు మీద అందరూ చూశారు. నీలం రంగు ఊలు కాకుండా ఇంకేదైనా దొరకలేదా? "క్లిఫ్, పిల్లాడికి పాలు పట్టావా?" అన్నాడొకడు. "త్రేన్పు తెప్పించి పడుకోబెట్టు" అన్నాడు ఇంకొకడు. ఆ రోజంతా తినే గుల్లలు ఏరుతున్నంతసేపూ నా బిడ్డకి పేర్లు పెట్టారు.

కానీ నిజం చెప్పాలి, పనితనం బాగుంది. ఈ-సిగరెట్ కారడం లేదు. ఫోను పొడిగా ఉంది. తొడ దాకా నీళ్ళున్న కాలవ దాటి వచ్చినా చుక్క అంటలేదు. అమ్మ అల్లినట్టే గట్టిగా అల్లావు.

ఒక్కటే ఇబ్బంది. నువ్వు ఊరికే ఫోను చేస్తున్నావు. వద్దన్నాను కదా. నాకు వినపడదుగానీ స్టువర్ట్‌కి వినపడుతుంది. "బాబాయ్, నీ ఫోను కూస్తోంది" అంటాడు. కూత సన్నగా, ఒకదాని వెనక ఒకటి వస్తుందట. చేతులు తుడుచుకుని, సంచి పైకి లాగి, కవరు తెరిచేసరికి ఏమీ ఉండదు. మళ్ళీ పెట్టేస్తాను, మళ్ళీ కూస్తుంది. గురువారం వల లాగే సమయానికే మూడుసార్లు. ఆటు మీద ఉన్నప్పుడు మనిషికి రెండే చేతులుంటాయి అక్కా. క్షేమంగా ఉన్నానో లేదో తెలుసుకోవాలని నీ ఆరాటం, నాకు తెలుసు. ఉన్నాను.

ఈసారి చలికి చిన్నరొయ్య ఆలస్యంగా వచ్చింది, కానీ రుచి బాగుంది. వెన్న పోసి రెండు డబ్బాలు పంపుతున్నాను. మీ సంఘం వాళ్ళకి పెట్టకు, గుండె జబ్బువాళ్ళకి వెన్న పెట్టి మళ్ళీ నా మీద తోస్తావు.

క్లిఫ్


మార్చి 24, నారిచ్

తమ్ముడూ,

రొయ్యలు అందాయి. పెట్టొద్దన్నావు కదా, పెట్టలేదు. నేనే తిన్నాను.

ఇక ఫోను సంగతి. నేను ఒక్కసారి కూడా చెయ్యలేదు. చేస్తే చేశానని చెప్పడానికి నాకేం భయమా? నీకు వినపడదని తెలిసి ఫోను ఎందుకు చేస్తాను, గోడకి చేసినట్టు?

మరి చేస్తున్నది ఎవరు? ఆ నంబరు నాకూ, స్టువర్ట్‌కీ తప్ప ఇంకెవరికి ఇచ్చావు? నీ పక్కింటి ఐరిస్‌కి ఇచ్చావా? రొయ్యలు ఒలవడానికి వస్తుందని రాస్తుంటావు, చేప కూరిన రొట్టె కాల్చి తెస్తుందని రాస్తుంటావు, ఆవిడ భర్త పోయి చాలాకాలం అయిందని కూడా రెండుసార్లు రాశావు. మూడుసార్లు కూసి ఆగిపోవడం అంటే అది ఫోను చెయ్యడం కాదు నాయనా, పిలవడం. నాకేం అభ్యంతరం లేదు. మంచి మనిషి. కానీ నెపం నా మీద ఎందుకు?

ఏది ఏమైనా సంచి తియ్యకు. చిరాకు పుడితే ఫోను శబ్దం ఆపెయ్. పక్కన చిన్న మీట ఉంటుంది, కిందికి నొక్కు.

మా సంఘంలో లెనర్డ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయనకీ నీలాగే యంత్రం పెట్టారు. నీ సంచి గురించి చెబితే ముచ్చటపడిపోయాడు. ఆయన కూడా సిగరెట్ మాని ఈ-సిగరెట్ పట్టాడు, అదీ ఫోనూ ఒకే జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. మగవాళ్ళందరిదీ ఒకే బడి.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

ఐరిస్‌కి నంబరు ఇవ్వలేదు. ఇచ్చినా ఆవిడ ఫోను చెయ్యదు, ప్రహరీ మీంచి కేక వేస్తుంది, ఆ కేక నాకు కూడా వినపడుతుంది. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. "మీ అక్కకి పని లేదు" అంది.

ఇప్పుడు అసలు సంగతి విను, తర్వాత నన్ను తప్పు పట్టు.

ముసలి ఆర్నాల్డ్ పోయాడు. మా అందరికంటే ముందునుంచీ ఇసుక మీద తిరిగినవాడు. ఇసుకవాళ్ళ అంత్యక్రియల్లో ఆటు తిరిగే సమయానికి అందరం లేచి మౌనంగా నిలబడతాం, నీకు గుర్తుండే ఉంటుంది, నాన్నకీ అలాగే నిలబడ్డాం. ఆ రోజు గుడిలోకి వెళ్ళేముందు ఐరిస్ ఎదురుగానే ఫోను పూర్తిగా ఆపేశాను. శబ్దం కాదు, ఫోనునే ఆపేశాను. ఆవిడే చూసి సరే అంది. సంచి కోటు లోపల ఉంది.

అందరం నిలబడ్డాం. పాదిరి గారు తల వంచారు. అంతలో మొదలైందట కూత. నాకేం తెలుసు, నేను తల వంచుకుని ఆర్నాల్డ్ గురించి ఆలోచిస్తున్నాను. తల ఎత్తేసరికి గుడిలో ప్రతి మొహమూ నావైపే ఉంది. ఆర్నాల్డ్ భార్య కూడా తిరిగి చూసింది. ఐరిస్ మోచేత్తో పొడిచి, నాకు వినపడాలని నా చెవిలో అరిచింది: "క్లిఫ్, నీ ఎదలో పిట్ట కూస్తోందయ్యా! తియ్యి దాన్ని!" ఆ అరుపు కూత కంటే పెద్దది. మౌనం అలా ముగిసింది.

బయటికొచ్చి ఫోను తీసి చూస్తే చీకటి. ఆపింది ఆపినట్టే ఉంది. "ఆపేసిన ఫోను ఎలా కూస్తుందయ్యా?" అంటుంది ఐరిస్. నాకేం తెలుసు ఎలా కూస్తుందో! ఆర్నాల్డ్‌కి నేను ఇవ్వాల్సింది ఆ ఒక్క మౌనమే. అది కూడా పాడుచేశాను. నువ్వు కొన్న ఈ చవకబారు ఫోను వల్ల.

ఇంటికొచ్చి సంచి తీసి సొరుగులో పడేశాను, రెండు వస్తువులతో సహా. మళ్ళీ పైపు పట్టుకున్నాను. నిన్నా మొన్నా సంచి లేకుండానే ఇసుక మీదకి పోయాను. హాయిగా ఉంది. ఎవరూ నావైపు చూడలేదు.

క్లిఫర్డ్


ఏప్రిల్ 11, నారిచ్

క్లిఫర్డ్,

చవకబారు ఫోనా? మంచిది.

ఆర్నాల్డ్ గారి విషయంలో నాకూ బాధగానే ఉంది. చిన్నప్పుడు ఆయన భుజం మీద కూర్చుని కాలవ దాటినదాన్ని. కానీ గుడిలో నలుగురూ చూశారని, ఉన్న ఒక్క రక్షణని సొరుగులో పడేసి నడిసముద్రం అడుక్కి నడిచి వెళ్ళే మనిషిని ఏమనాలి? నీకు పరువు కావాలా, ప్రాణం కావాలా? పైగా పైపు కూడానా! డాక్టరు నీకు చెప్పింది ఒక్కటే కదా, ఆ పైపు మానమని.

నేను బెర్నార్డ్‌ని గడప మీద చూశాను. నిన్ను ఇసుక మీద ఎవరు చూస్తారు? పోటు వస్తే చూడ్డానికి కూడా ఏమీ మిగలదు.

ఇంక బతిమాలను. అమ్మ మీద ఒట్టు, క్లిఫ్. ఆ సంచి మెడలో లేకుండా నువ్వు ఇసుక మీద అడుగు పెడితే నాకిక ఉత్తరం రాయకు, నేనూ రాయను. వేసుకుంటే ఒక్క ముక్క రాయి చాలు, వేసుకున్నానని.

నోరీన్


ఏప్రిల్ 20

అక్కా,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. కంగారు పడకు, రాయగలుగుతున్నాను అంటేనే అర్థం కావాలి.

శనివారం పొద్దున నీ ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు కింద రెండు గీతలు గీశావు. అంటే లోపల తిట్లున్నాయి. ఆటుకి వేళైంది, తిట్లు తిని పోతే పని సాగదు, వచ్చాక తింటానులే అని గడియారం వెనక పెట్టి పోయాను. నిన్ననే స్టువర్ట్ తెచ్చి ఇస్తే చదివాను.

ఆ రోజు రెండో కాలవ దాటాం. ఇసుక మీద చెక్క పలక పెట్టి ఊపితే లోపల్నుంచి గుల్లలు బాగా పైకి వస్తున్నాయి. నేను వంగి ఏరుతున్నాను. కాళ్ళ కింద ఇసుక జారినట్టయింది, ఊబి అనుకున్నాను. ఊబి కాదు. తర్వాత గుర్తున్నది ఒక్కటే, లోపల్నుంచి గుర్రం తన్నినట్టు ఒక దెబ్బ. కళ్ళు తెరిస్తే ఆకాశం. స్టువర్ట్ నా కాలరు పట్టుకుని ఏడుస్తున్నాడు. "బాబాయ్, పోయావనుకున్నాను. నీ కళ్ళు తిరగబడిపోయాయి బాబాయ్" అన్నాడు. కాపలావాడు తన పని చేశాడు అక్కా. వాణ్ణి నమ్మినందుకు నమ్మకం నిలబెట్టాడు. అది కొట్టకపోతే అక్కడితో అయిపోయేదని డాక్టరు చెప్పింది. ఈసారి ఐరిస్ పక్కన కూర్చుని ప్రతి మాటా నాకు మళ్ళీ అరిచి చెప్పింది. "వినపడకపోతే వినపడలేదని చెప్పడానికి నీకేం రోగం?" అని నాకు వేరే వైద్యం కూడా చేసింది.

ఇసుక మీదకి వెళ్ళొచ్చు అన్నారు, ఒంటరిగా కాకుండా, ఓ నెల ఆగి. పైపు ఈసారి నిజంగానే మానేస్తున్నాను. ఆ రోజు ఇసుక మీదే స్టువర్ట్ దాన్ని నా కళ్ళముందు కాలవలోకి విసిరేశాడు.

నీ సంచి మాత్రం ఇక వేసుకోను. ఊలు గుచ్చుకుంటోంది, కుట్టిన చోట దురద. కారణం అంతే. ఇంకేం అడక్కు. కోపం తెచ్చుకోకు. ఒట్టు వెనక్కి తీసుకో.

నీ తమ్ముడు


ఏప్రిల్ 25, నారిచ్

నా తమ్ముడికి,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. పై అంతస్తావిడ వచ్చి లేపింది. బతికావు. ఒట్టు ఎప్పుడో తీసేశాను, నువ్వు అడగాలా?

కానీ ఊలు దురదా? నీకు నేను స్వెటర్లు అల్లడం మొదలుపెట్టింది నీకు మీసం రాకముందు. ఇంతకాలంలో ఒక్కసారి దురద అనలేదు. నా పనితనం నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, నన్ను చిన్నపిల్లలా బుజ్జగించకు. నవ్వారని సిగ్గు, అంతేగా?

ఒక్కసారి ఆలోచించు. స్టువర్ట్ ఆ రోజు ట్రాక్టరు దగ్గరే ఉండిపోయి ఉంటే? నీ దగ్గర ఫోను లేదు. ఇంట్లో సొరుగులో ఉంది. బెర్నార్డ్‌ది హాల్లో ఉన్నట్టు. నేను చెప్పింది ఇందుకే కదా. నువ్వు వినకపోయినా విన్నవాళ్ళు ఉన్నారులే. సంఘంలో యంత్రం పెట్టించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, సగం మంది ఈ-సిగరెట్ వాళ్ళే. లెనర్డ్ గారిది చూసి అందరూ అడిగారు. ముగ్గురికి ఇప్పటికే ఇచ్చాను, మిగతావాళ్ళకి శనివారం టీ దగ్గర ఇస్తున్నాను. రాత్రీ పగలూ అల్లుతున్నాను. తాడు అందరికీ పొట్టిగానే, గుండెకి దగ్గరగానే పెడుతున్నాను. నీ కథ చెప్పి ఇస్తాను. మా తమ్ముడు వేసుకోలేదు, మీరైనా వేసుకోండి అంటాను.

బాగా తిను. ఐరిస్‌కి నా నమస్కారాలు చెప్పు.

అక్క


మే 1, నారిచ్

క్లిఫ్,

శుక్రవారం పొద్దున ఫోను మోగి, తెర మీద నీ నంబరు కనిపించింది. నీ నంబరు నుంచి ఫోను వచ్చిందంటే నువ్వు లేవనే అనుకున్నాను. ఎత్తాను. "అక్కా, ఇవ్వకు! సంచులు ఇవ్వకు! ఇచ్చినవి తెచ్చెయ్!" అని అరిచావు. "ఎందుకురా?" అంటే "ఏంటి?" అన్నావు. "ఏమైందిరా?" అంటే "ఏంటి?" అన్నావు. మళ్ళీ "సంచులు ఇవ్వకు!" అన్నావు. అలా ఎంతసేపు అరుచుకున్నామో. చివరికి ఐరిస్ నీ చేతిలోంచి లాక్కుని చెప్పింది.

మొత్తం చెప్పింది. ఫోను కవరు అంచున ఉన్న అయస్కాంతం గురించి, ఈ-సిగరెట్ లోపల గొట్టాన్ని పట్టి ఉంచే అయస్కాంతం గురించి. అవి ఆ యంత్రానికి ఆనుకుని ఉన్నంతసేపూ యంత్రం పని మానేసి నిద్రపోతుందని. నిద్రపోతున్నానని చెప్పడానికే కూస్తుందని. కూసింది ఫోను కాదని. నీ కాపలావాడే అరుస్తున్నాడు, మనం ఐరిస్ మీద అనుమానపడుతూ కూర్చున్నాం. ఫోనునీ ఈ-సిగరెట్‌నీ యంత్రానికి జానెడు దూరంలో పెట్టాలని నర్సు నీకు చెప్పిందట, పుస్తకంలో కూడా ఉందట. నేను కొట్టు కుర్రాణ్ణి అడిగాను. సిగరెట్ గురించి అడిగాను, ఫోను గురించి అడిగాను. గుండె గురించి అడగలేదు. ఆ కుర్రాడికేం తెలుసు?

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేనైతే ఆ మందుని ఊలుతో అల్లాను.

కోటు వేసుకుని అప్పటికప్పుడే బయల్దేరాను. ఇద్దరు ఇంట్లోనే ఉన్నారు, ఇచ్చేశారు. లెనర్డ్ గారు తలుపు తియ్యలేదు. తలుపు బాదాను. ఎంత బాదానంటే ఎదురింటావిడ బయటికొచ్చింది. పెరట్లోంచి వచ్చాడు, మెడలో నా సంచితో. "నోరీన్ గారూ, మా గోడలో కీచురాయి దూరింది, వారం నుంచి ఒకటే గోల" అన్నాడు. క్లిఫ్, అది నాకు వినపడింది. ఆయన ఛాతీలోంచి. మెడలోంచి నేనే లాగేశాను, ఆయన చెవి గీరుకుంది కూడా. ఆగిపోయింది. అప్పుడు అక్కడే ఆయన మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన నాకు టీ పెట్టాడు.

శనివారం సంఘంలో అందరికీ నిలబడి చెప్పాను. సంచులన్నీ విప్పేశాను. ఆ ఊలు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నీ మీద కోపం ఉంది. ఆసుపత్రిలోనే నీకు తెలుసు. తెలిసి నాకు దురద అని రాశావు. నాకు బాధ కలగకూడదని. ఆ దయ వల్ల లెనర్డ్ గారు పోయి ఉంటే? నన్ను అలా కాపాడకు, నాకు అంత బలం లేదనుకోకు.

ఒక్కటి అడుగుతాను. శుక్రవారం నుంచి నిద్ర పట్టడం లేదు. ఆ శనివారం పొద్దున నా ఉత్తరం గడియారం వెనక పెట్టకుండా తెరిచి చదివి ఉంటే, సంచి వేసుకుని వెళ్ళేవాడివా? నేను అమ్మ మీద ఒట్టు పెట్టాను. నిజం చెప్పు. నా మనసు కోసం చెప్పకు.

నోరీన్


మే 5

అక్కా,

వేసుకునేవాణ్ణి.

వేరేలా రాద్దామని రెండు కాగితాలు చింపాను. ఐరిస్ చూసి, "మళ్ళీ దురద రాస్తావా?" అంది. అందుకని ఉన్నదే రాస్తున్నాను. గుడిలో కూసిన సంగతి ఐరిస్ చెబితే, ఆసుపత్రిలో ఆ యంత్రాలు చూసే అమ్మాయి, స్టువర్ట్ సొరుగులోంచి తెచ్చిన నీ సంచిని నా ఛాతీ దగ్గర పెట్టింది. నాకేమీ వినపడలేదు. ఐరిస్ మొహం, స్టువర్ట్ మొహం చూశాను, అంతే. అప్పుడే ఉత్తరం గుర్తొచ్చింది. ఇంకా తెరవలేదు, కానీ అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఆ రాత్రంతా అదే ఆలోచించాను. తెరిచి ఉంటే పాకలో నిలబడి, నిన్ను తిట్టుకుంటూ, నాకెవరూ చెప్పక్కర్లేదని గొణుక్కుంటూ, ఆ సంచి మెడలో వేసుకుని బయల్దేరేవాణ్ణి. నువ్వు ఒట్టు పెట్టకపోయినా వేసుకునేవాణ్ణి. నువ్వు చెప్పినవి నేను గొణుక్కుంటూనే చేశాను, కానీ చెయ్యకుండా ఎప్పుడున్నాను?

నీకు చెప్పనిది అందుకే. సంచి గురించి చెబితే ఈ ప్రశ్న అడుగుతావని తెలుసు.

ఇప్పుడు ఫోను కుడివైపు కింది జేబులో ఉంది, ఐరిస్ దానికి మైనపు గుడ్డ కుట్టింది. ఈ-సిగరెట్ స్టువర్ట్ దగ్గర, ట్రాక్టరులో, వాడు ఇస్తేనే. నెల తిరిగాక ఇసుక మీదకి పోతాను. నువ్వు రా. లోతు లేని చోటు చూసి నిన్ను కూడా తీసుకెళ్తాను.

నువ్వు నాకు చెప్పడం మానకు. మొన్నటి నీ ఉత్తరంలో అది వేసుకో, ఇది మానెయ్ అని ఒక్క ఆజ్ఞ కూడా లేదు, నాకు భయమేసింది. కానీ చెప్పేముందు మాత్రం ఎవరినైనా అడుగు. నేను అడగను అక్కా. నువ్వు చెప్పావంటే చేసేస్తాను.

క్లిఫ్